అమ్మానాన్నల మొదటి డల్లాస్ ప్రయాణం: ఏ విమానం, ఏ సీటు

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమ్మకు 63, నాన్నకు 69. కావలి నుంచి బయలుదేరి చెన్నైలో విమానం ఎక్కి డల్లాస్‌లో మీ దగ్గరికి రావాలి. ఇద్దరికీ విమానం కొత్త. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎత్తు అయిదడుగుల లోపే. నాన్న ఆరడుగుల మనిషి. ఎమిరేట్స్, ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, లుఫ్తాన్సా, ఈ నాలుగింట్లో ఎందులో సీట్లు సుఖంగా ఉంటాయని అడిగారు. కొంచెం ఎక్కువైనా పెట్టుకుంటాను గానీ బిజినెస్ క్లాసు నా వల్ల కాదన్నారు.

నెల్లూరు ట్రంకు రోడ్డులో 24 ఏళ్లుగా టికెట్ల ఆఫీసు నడుపుతున్నా. పిల్లల దగ్గరికి, కూతుళ్ల పురుళ్లకి వెళ్లే పెద్దవాళ్ల టికెట్లే నా బేరంలో సగం. తిరిగొచ్చాక వాళ్లు ఆఫీసులో కూర్చుని చెప్పే మాటలు ఇన్నేళ్లుగా వింటున్నా. మేమిద్దరం కూడా మూడుసార్లు వెళ్లొచ్చాం. ఆ అనుభవంతో చెబుతున్నాను, ముందు ఆ నాలుగు పేర్లూ పక్కన పెట్టండి. ఒకే కంపెనీలో ఒక విమానం సీటు ఒకలా, ఇంకో విమానం సీటు ఇంకోలా ఉంటుంది. మీరు తెలుసుకోవాల్సింది ఆ రోజు వచ్చే విమానం మోడలేంది, అందులో వరుసకు ఎన్ని సీట్లు బిగించారు అనేది.

మన ఆర్టీసీ బస్సునే తీసుకోండి. పల్లెవెలుగులో మూడూ రెండు, సూపర్ లగ్జరీలో రెండూ రెండు. బస్సు వెడల్పు మాత్రం రెండింటిదీ ఇంచుమించు ఒకటే. కావలి నుంచి ఉదయగిరి దాకా పల్లెవెలుగులో ముగ్గురి సీటు చివర కూర్చుని వెళ్లినవాళ్లకు ఈ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు. విమానంలోనూ సరిగ్గా ఇదే లెక్క, కాకపోతే ప్రయాణం రెండు గంటలు కాదు, పదహారు గంటలు.

బోయింగ్ 777 ఉంది. 1995లో తిరగడం మొదలుపెట్టింది, లోపల వెడల్పు 5.9 మీటర్లకు రవంత తక్కువ. వచ్చిన కొత్తలో చాలా కంపెనీలు ఎకానమీలో వరుసకు 9 సీట్లు వేశాయి. తర్వాత అదే వెడల్పులో పదోది ఇరికించాయి. పక్కన మూడు, మధ్యలో నాలుగు, అటు పక్క మూడు. దాంతో సీటు వెడల్పు 17 అంగుళాల దగ్గరికి దిగింది, మధ్య దారి కూడా సన్నబడింది. దారి పక్కన కూర్చున్నవాళ్ల మోచేతికి భోజనం బండి తగలడం అందుకే. ఎమిరేట్స్ 777లోనూ, ఖతార్ 777లోనూ ఎకానమీ ఇట్టా పది సీట్లదే. సినిమాల తెర పెద్దది, భోజనం బాగుంటుంది, మనుషులు మర్యాదగా చూస్తారు. భుజాలకు మాత్రం చోటు చాలదు.

ఎయిర్‌బస్ ఏ350 దానికంటే సన్నటి విమానం. కానీ అందులో ఎక్కువ కంపెనీలు 9 సీట్లే వేస్తాయి కాబట్టి ఒక్కో సీటుకు 18 అంగుళాల దాకా వస్తుంది. దాన్ని 2015లో ముందుగా తిప్పింది ఖతార్ వాళ్లే. లుఫ్తాన్సా దగ్గరా, బ్రిటిష్ ఎయిర్‌వేస్ దగ్గరా కూడా ఉంది. అంగుళం ఏపాటిది అనుకోకండి. ఇద్దరు కూర్చుని ఇద్దరి భుజాలూ ఒరుసుకుంటున్నాయా లేదా అనేది ఆ అంగుళమే తేలుస్తుంది. ఆ ఒక్క అంగుళంతో నిద్ర 53 శాతం మెరుగవుతుందని ఎయిర్‌బస్ 2013లో ఒక పరిశోధన చేయించి చెప్పుకుంది. సీటు వెడల్పును అమ్ముకునేవాళ్లు చేయించిన లెక్క కాబట్టి ఆ అంకెను నేను పట్టుకుని వేలాడను. కానీ 777లో వెళ్లి ఏ350లో తిరిగొచ్చినవాళ్లు నాతో చెప్పే మాట మాత్రం అదే దారిలో ఉంటుంది.

బోయింగ్ 787 సంగతి కొంచెం కలగాపులగం. దాన్ని ముందు ఎకానమీ వరుసకు ఎనిమిది అనుకుని గీశారు. జపాన్ ఎయిర్‌లైన్స్ దూరప్రయాణాల్లో ఆ ఎనిమిదినే నిలబెట్టింది. మిగతావాళ్లలో ఎక్కువమంది తొమ్మిది వేసేశారు. అందువల్ల సీటు 777 అంత ఇరుకే, కానీ లోపలి గాలి చాలా నయం. గాలి సంగతి కింద చెబుతా. ఏ330 పాత మోడల్ అని తీసిపారేయకండి. అందులో మామూలుగా వరుసకు ఎనిమిదే: రెండు, నాలుగు, రెండు. భార్యాభర్తలకు కిటికీ వైపు రెండు సీట్లు, మూడో మనిషి ఉండడు. ఏ380లో కింది అంతస్తులో పది సీట్లున్నా విమానమే వెడల్పు గనుక ఇరుకనిపించదు. కొన్ని కంపెనీలు పై అంతస్తులో కూడా ఎకానమీ పెట్టి 2-4-2 వేస్తాయి, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాటిలో ఒకటి. దొరికితే వదలొద్దు.

ఇక నాన్న కాళ్లు. పిచ్ అని ఒక మాట వింటారు. మీ సీటులో ఒక చోటి నుంచి ముందు సీటులో అదే చోటికి ఉన్న దూరం అది. ఎకానమీలో 31, 32 అంగుళాలు మామూలు. దాంట్లోంచి సీటు వీపు మందం పోను మిగిలిందే మోకాళ్ల జాగా. ఈమధ్య వచ్చే సీట్ల వీపు పలచగా ఉంటుంది గనుక 31 అంగుళాల్లో కూడా మోకాలు ఆనకుండా సరిపోతుంది, బదులుగా పరుపు గట్టిగా ఉండి నాలుగు గంటలయ్యేసరికి నడుం పట్టేస్తుంది. నాన్నకు 32 ఉన్నదే చూడండి. కొన్ని సీట్ల కింద తెర తాలూకు ఇనుప పెట్టె ఉంటుంది, అది ఒక కాలి జాగా తినేస్తుంది. సీటు ఎంచుకునేటప్పుడు అది ఏ వరుసల్లో ఉందో చూసుకోవాలి.

అమ్మ సమస్య దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. విమానం సీట్ల ఎత్తు పొడుగు మనుషులను దృష్టిలో పెట్టుకుని చేసింది. అయిదడుగుల లోపు ఆడవాళ్లు వీపు ఆనించి కూర్చుంటే పాదాలు నేలకు అందవు, వేలాడతాయి. సీటు అంచు తొడ కింద నొక్కుకుంటుంది, రక్తం కిందనే నిలిచిపోతుంది, చీలమండలు ఉబ్బుతాయి. మోకాళ్లు అరిగిన మనిషికి ఆ వేలాడే కాళ్లతో పదహారు గంటలు నరకం. మా ఆవిడకు మొదటిసారి ఇదే జరిగింది, దిగేసరికి చెప్పులు పట్టలేదు. రెండోసారి చేతిసంచీలో శాలువా, రెండు నూలు చీరలు మడిచి పెట్టి, సంచీని ముందు సీటు కింద నుంచి లాగి పాదాల కింద వేసుకునేది. అంతే తేడా. గాలి ఊది పెట్టుకునే పీట లాంటివి అమ్ముతారు గానీ కొన్ని కంపెనీలు వాటిని వాడనివ్వవు. సంచీని ఎవరూ కాదనరు, టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ మాత్రం వెనక్కి నెట్టేయాలి.

అందుకే పెద్దవాళ్లకు ముందు గోడ ఎదురుగా ఉండే బల్క్‌హెడ్ సీట్లు నేను ఇవ్వను. కాళ్లు చాపుకోవచ్చని అందరూ అవే అడుగుతారు. ముందు సీటు ఉండదు కాబట్టి చేతిసంచీ పైన పెట్టేయాలి, అమ్మకు కాలి కింద పీట పోయినట్టే, మందుల డబ్బా కూడా అందదు. తినే పలక చేతి ఆనుపులోంచి వస్తుంది కాబట్టి సీటు ఇంకాస్త ఇరుకు. చంటిపిల్లల ఊయల తగిలించేది కూడా ఆ గోడకే, రాత్రంతా ఏడుపులు. అత్యవసర తలుపు పక్క సీట్లలో నాన్న కాళ్లు బాగా పడతాయి, కానీ అక్కడ కూర్చున్నవాళ్లు అవసరమైతే తలుపు తీయగలగాలి, సిబ్బంది చెప్పేది అర్థం చేసుకోవాలి. 69 ఏళ్ల మనిషిని అక్కడ కూర్చోనివ్వకపోవచ్చు. కూర్చోబెట్టినా అమ్మ పక్కన ఉండదు.

ఇప్పుడు నేను ముఖ్యం అనుకునే మాట. 2019లో మా పెద్దక్కా బావా కొడుకు దగ్గరికి వెళ్లారు. 2-4-2 విమానం చూసి కిటికీ వైపు రెండు సీట్లు నేనే తీసిపెట్టాను. ప్రయాణానికి వారం ముందు కంపెనీ వాళ్లు విమానం మార్చారు, కొత్త విమానం 3-3-3. సీట్లు వాటంతటవే మారిపోయాయి, మళ్లీ తెరిచి చూడకపోవడం నా తప్పు. అక్కకు ఇద్దరు పరాయి మగవాళ్ల మధ్య సీటు, బావకు ఆరు వరుసల వెనక. పద్నాలుగు గంటల ప్రయాణంలో అక్క ఒక్కసారే లేచింది. పక్కతను నిద్రపోతున్నాడు, ఎట్ట లేపేదిరా అంది. లేవాల్సొస్తుందని నీళ్లు తాగడం మానేసింది. దిగాక రెండు రోజులు తలనొప్పి, వారం పాటు కాళ్ల వాపు. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా నాకు కష్టంగానే ఉంటుంది.

మన పెద్దవాళ్లు పరాయివాళ్లను లేపరు తమ్ముడూ. ఎక్స్‌క్యూజ్‌మీ అనమని ఫోన్లో వందసార్లు నేర్పినా ఆ మొహమాటం పోదు. కాబట్టి ఎవరినీ లేపక్కర్లేని సీటు మనమే వెతికి ఇవ్వాలి. 2-4-2లో అయితే పక్కన రెండు సీట్లు, చెప్పేదేం లేదు. 3-3-3 అయితే కిటికీ వైపు మూడు వద్దు. అక్కడ ఇద్దరూ దారి వైపు, మధ్య సీట్లలో కూర్చుంటే కిటికీ దగ్గర మనిషి లేచినప్పుడల్లా అమ్మ ఆ మోకాళ్లతో లేచి నిలబడాలి. కిటికీ, మధ్య సీట్లు తీసుకుంటే వీళ్లే మూడో మనిషిని లేపాలి. మధ్యలో ఉన్న మూడింట్లో ఒక చివర రెండు తీసుకోండి. మూడో మనిషికి అటు వైపు తన దారి తనకుంటుంది, వీళ్లకు వీళ్ల దారి. 3-4-3లో కూడా అంతే, మధ్య నాలుగింట్లో ఒక చివర రెండు. అమ్మను దారి పక్కన, నాన్నను లోపల కూర్చోబెట్టండి. అమ్మ లేస్తే నాన్నా లేచి నాలుగడుగులు వేస్తారు. మొదటిసారి ప్రయాణం కదా, కిటికీ కావాలని నాన్నకు ఉంటే చెన్నై నుంచి గల్ఫు దాకా ఉండే చిన్న ముక్కలో ఇవ్వండి, ముచ్చట తీరుతుంది.

ఒక చిట్కా. చాలా 777ల్లో తోక దగ్గర విమానం సన్నబడుతుంది గనుక చివరి రెండు మూడు వరుసల్లో పక్కన మూడు బదులు రెండే సీట్లుంటాయి. పక్కన జానెడు ఖాళీ కూడా మిగులుతుంది. అయితే తోక వైపు కుదుపు ఎక్కువ, రెక్కల దగ్గర తక్కువ. అమ్మకు బస్సులో కడుపులో తిప్పే అలవాటుంటే ఆ సీట్లు వద్దు. మరుగుదొడ్డికి ఆనుకున్న ఆఖరి వరుస ఎవరికీ వద్దు. అక్కడ కొన్ని విమానాల్లో సీటు వెనక్కి వాలదు, పైగా రాత్రంతా తలుపు చప్పుడు, పక్కనే వరుసకట్టిన జనం.

గాలి సంగతి చెబుతానన్నా కదా. విమానం 35, 40 వేల అడుగుల ఎత్తులో పోతున్నా లోపల మాత్రం అంతకంటే బాగా తక్కువ ఎత్తులో ఉండే గాలి ఒత్తిడినే ఉంచుతారు. పాత మోడళ్లలో అది 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత ఉండొచ్చు, అంటే ఊటీ కంటే పైన. 787, ఏ350లను దాదాపు 6,000 అడుగుల లెక్కకు కట్టారు, అంటే ఊటీ కంటే దిగువ. ఆయాసం, ఆస్తమా ఉన్నవాళ్లకు, తల దిమ్మెక్కే వాళ్లకు ఈ తేడా తెలుస్తుంది. తేమ కూడా ఈ రెండింట్లో కొంచెం మెరుగు. మామూలు విమానంలో తేమ 20 శాతం లోపే ఉంటుంది. సముద్రపు గాలికి అలవాటుపడ్డ కావలి మనిషికి పెదాలు పగులుతాయి, ముక్కు ఎండుతుంది. కొబ్బరి నూనె చిన్న డబ్బీ, మఫ్లరు, మేజోళ్లు చేతిసంచీలో పెట్టమనండి. అమ్మ జారిపోయే సిల్కు చీర కట్టుకుంటానంటే వద్దని చెప్పండి. వెంకటగిరి నూలు చీర లాంటిదో, చుడీదారో అయితే లేచి కూర్చోవడం తేలిక. చెప్పులు ఒక సైజు వదులువి.

ప్రయాణాన్ని ఎట్ట విడగొడతారన్నది సీటంత ముఖ్యం. దుబాయి మీదుగానో దోహా మీదుగానో వెళ్తే చెన్నై నుంచి నాలుగైదు గంటలు, అక్కడి నుంచి డల్లాస్‌కు ఏకబిగిన పదహారు గంటలు అటూ ఇటూ. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే రెండు ముక్కలూ ఇంచుమించు పదేసి గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పిన మాట ఒకటుంది: నాలుగు గంటలకు మించి కదలకుండా ప్రయాణం చేస్తే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం సుమారు రెండింతలవుతుందని. అయినా ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది ఆరువేల మందిలో ఒకరికి మాత్రమేనని కూడా చెప్పింది, భయపడక్కర్లేదు. కానీ ప్రయాణం పొడవయ్యేకొద్దీ అది పెరుగుతుంది. ఇటీవల ఏదైనా ఆపరేషన్ అయి ఉంటే, కాళ్ల మీద నరాలు ఉబ్బి ఉంటే, డాక్టర్ని అడక్కుండా ఎక్కించొద్దు. బిగుతు మేజోళ్లు కూడా డాక్టరు కొలత చెప్పాకే కొనండి. మిగతావాళ్లకు రెండు గంటలకోసారి లేచి నడవడం, కూర్చున్నచోటే మడమలు పైకీ కిందికీ ఆడించడం చాలు.

అందుకని మీ అమ్మ మోకాళ్లను చూస్తే ఆ పదహారు గంటల ముక్క నాకు ఇష్టం లేదు. నేనైతే పదీ పదిగా చీలే దారిలో, రెండు ముక్కల్లో కనీసం ఒకటైనా ఏ350, ఏ330, ఏ380లో ఏదో ఒకటి పడే తేదీ వెతికి తీస్తా. ఆ దారిలో ఉన్న ఇబ్బందేమిటంటే, గల్ఫు విమానాల్లో తెలుగువాళ్లు చుట్టూ ఉంటారు, నీళ్లు అడగాలన్నా తోడుంటుంది. లండన్ నుంచి డల్లాస్ విమానంలో అంతమంది ఉండకపోవచ్చు. నాన్నకు ఇంగ్లీషు నాలుగు ముక్కలు వస్తే లండన్ దారి, అస్సలు రాకపోతే దోహా దారి. దోహా అయితే పొడుగు ముక్క ఏ350 ఉన్న రోజే తీయండి, అదే కంపెనీ 777 రోజు వద్దు. వందో రెండొందల డాలర్లో తేడా వచ్చినా సరే.

మీరు కొంచెం ఎక్కువ పెట్టగలనన్నారు కాబట్టి ప్రీమియం ఎకానమీ గురించి ఒక మాట. అది మామూలు టికెట్‌కు ఒకటిన్నర రెట్లు, ఒక్కోసారి రెండింతలు పలుకుతుంది. పిచ్ 38 నుంచి 40 అంగుళాలు, సీటు 19 అంగుళాల చుట్టుపక్కల, చాలావాటికి కాలి కింద ఆనుపు ఉంటుంది. ఆ ఆనుపు కోసమైనా అమ్మకు అది తగినదే. బ్రిటిష్ ఎయిర్‌వేస్, లుఫ్తాన్సా, ఎమిరేట్స్‌లో ఆ తరగతి ఉంది, ఎమిరేట్స్‌లో మాత్రం అన్ని విమానాల్లో లేదు. నేను ఇది రాసేనాటికి ఖతార్‌లో లేదు. రెండు వైపులా తీయాల్సిన పని లేదు. దుబాయి దారిలో అయితే పొడుగు ముక్కకే, లండన్ దారిలో అయితే రాత్రి నిద్రపోయే ముక్కకే తీయించండి. ఒకే టికెట్‌లో ముక్కకో తరగతి వేయడం కుదురుతుంది, ఏజెంటును అడిగితే చేసిపెడతాడు.

విమానం మోడల్ ఎట్ట తెలుస్తుందంటారా? గూగుల్ ఫ్లైట్స్‌లో ఆ ప్రయాణం మీద నొక్కితే మోడల్ పేరు, పిచ్ అంగుళాలు రాసే ఉంటాయి. ఏరోలోపా అని ఒక సైట్ ఉంది, కంపెనీ వారీగా, విమానం వారీగా సీట్ల పటం కొలతకు గీసి పెట్టారు. ఏ వరుసకు కిటికీ లేదో కూడా తెలుస్తుంది. మా ఏజెంట్ల తెర మీద అంకెలుంటాయి: 77డబ్ల్యూ అంటే 777-300ఈఆర్, 789 అంటే 787-9, 359, 351 అంటే ఏ350లో రెండు రకాలు, 333 అంటే ఏ330-300, 388 అంటే ఏ380. టికెట్ తీసే ముందు ఏజెంటుకు ఫోన్ చేసి ఎక్విప్‌మెంట్ ఏమిటని అడగండి. ఆ ఒక్క మాటతో మీకు విషయం తెలుసని అతనికి అర్థమవుతుంది, జాగ్రత్తగా చూస్తాడు.

వీల్‌చెయిర్ టికెట్‌తో పాటే అడగండి, దానికి డబ్బు తీసుకోరు. నాన్న నాకెందుకంటారు, ప్రతి నాన్నా అంటారు. అమ్మ పేరు మీద పెట్టించి, తోడుగా నాన్నను వెంట నడవమనండి. ఆ కుర్చీ తోసే మనిషే మధ్య విమానాశ్రయంలో రెండో విమానం గేటు దాకా, డల్లాస్‌లో ఇమ్మిగ్రేషన్ దాటేదాకా దారి చూపిస్తాడు. మధ్యలో ఆగే సమయం మూడు గంటలకు తగ్గకుండా చూడండి. శాకాహారులైతే ఏషియన్ వెజిటేరియన్ భోజనం ముందే రాయించాలి. విమానం ఎక్కాక అడిగితే మిగిలిందే ఇస్తారు.

సీట్లు తీసుకున్నాక మూడుసార్లు తెరిచి చూడండి: నెల ముందు, వారం ముందు, చెకిన్ తెరుచుకునే రోజు. విమానం మారితే పటం మారుతుంది, ఆ వెంటనే ఫోన్ చేస్తే ఇద్దరినీ కలపడం తేలిక, ఎయిర్‌పోర్టులో కష్టం. మా అక్క విషయంలో నేను చేయనిది ఇదే. మీరు తేదీలు అనుకున్నాక ఆ రోజు చెన్నై నుంచి ఏ విమానాలు పడుతున్నాయో రాయండి, వరుస నంబర్లతో సహా చెబుతా.